మూడో సంవత్సరంలో ఒక సెమిస్టరు జర్మనీలో: ఇక్కడి క్రెడిట్లు, అక్కడి ఖర్చు ఎలా చూసుకోవాలి?

ప్రశ్న
రాసినవారు: విశాఖ మెకానికల్

అందరికీ నమస్కారం. నేను విశాఖపట్నం సమీపంలోని ఒక అటానమస్ (పరీక్షలు తానే నిర్వహించుకునే) ఇంజినీరింగ్ కళాశాలలో మెకానికల్ రెండో సంవత్సరం పూర్తి చేయబోతున్నాను. మా కళాశాలకు జర్మనీలోని డ్రెస్డెన్ నగరంలో ఉన్న ఒక విశ్వవిద్యాలయంతో విద్యార్థుల మార్పిడి ఒప్పందం కుదిరింది. అక్టోబరులో మొదలయ్యే శీతాకాల సెమిస్టరుకు మా బ్యాచ్ నుంచి ఇద్దరిని పంపుతామని, అక్కడ ట్యూషన్ ఫీజు ఉండదని, ఇక్కడి ఫీజు మాత్రం యథాప్రకారం కట్టాలని చెప్పారు. ఎంపికైన ఇద్దరిలో నేనొకడిని. ఇంకా సమ్మతి పత్రం ఇవ్వలేదు.

మా నాన్నగారు ఆర్టీసీలో పనిచేస్తారు. ఎంత ఖర్చవుతుందో కచ్చితంగా తెలిస్తే సర్దుబాటు చేస్తానంటున్నారు గానీ, ఒక్కొక్కరు ఒక్కో అంకె చెబుతున్నారు. బ్లాక్డ్ అకౌంటులో (ముందే సొమ్ము జమ చేసి, అక్కడ నెలనెలా కొంత మాత్రమే తీసుకోగల ఖాతాలో) ఏడాదికి సరిపడా సొమ్ము వేయాలని ఒకరు, మార్పిడి విద్యార్థులకు అది అక్కరలేదని మరొకరు అంటున్నారు. ఇక కళాశాలలో అడిగితే, మీరు వెళ్లి రండి, క్రెడిట్ల (సబ్జెక్టు పాసైతే లెక్కలో చేరే పాయింట్ల) సంగతి తర్వాత చూసుకుందాం అంటున్నారు. అయిదో సెమిస్టరు మధ్యలో వెళ్లి ఆరో సెమిస్టరు మధ్యలో తిరిగి వస్తే నా హాజరు, మిడ్ పరీక్షలు ఏమవుతాయన్న దానికి ఎవరి దగ్గరా స్పష్టమైన సమాధానం లేదు. ఎలాగూ తర్వాత ఎంఎస్‌కు వెళతావు కదా, ఈ అయిదారు నెలల కోసం చదువు పాడుచేసుకోవడం దేనికని మా సీనియర్లు కొందరు నిరుత్సాహపరుస్తున్నారు. ఇలా వెళ్లి వచ్చినవారు గానీ, పంపిన అధ్యాపకులు గానీ ఉంటే దయచేసి సలహా ఇవ్వగలరు.

సమాధానం 1
రాసినవారు: సంగారెడ్డి వాసి

నేను బీటెక్ మూడో సంవత్సరంలో ఇలాగే ఒక సెమిస్టరు జర్మనీలో చదివి వచ్చాను, ప్రస్తుతం హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. డబ్బు సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే అది లెక్క తేలే విషయం.

మూడు నెలలు మించి ఉండబోతున్నారు గనుక మీకు కావలసింది జాతీయ వీసా. షెంగెన్ పర్యాటక వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోవడం మనవాళ్లకు కుదరదు. ఆ వీసాకు జీవనవ్యయం చూపించాలి, మీరు విన్న బ్లాక్డ్ అకౌంటు అందుకే. 2024 సెప్టెంబరు నుంచి విద్యార్థులకు ఆ మొత్తం నెలకు 992 యూరోలు, ఏడాదికి 11,904 యూరోలు. మీకు ఏడాది మొత్తం చెప్పినవారు డిగ్రీ చదువుకు వెళ్లేవారి లెక్క చెప్పారు. ఒక్క సెమిస్టరుకు వెళ్లేవారు తాము ఉండబోయే నెలలకు చూపిస్తే చాలు. ఆరు నెలలకు 5,952 యూరోలు, అంటే యూరో వంద రూపాయల చుట్టుపక్కల ఉన్న ఈ రోజుల్లో దాదాపు ఆరు లక్షలు. ఇది ఫీజు కాదు, మీ సొమ్మే. అక్కడికి చేరి ఖాతాను క్రియాశీలం చేసుకున్నాక నెలకు 992 చొప్పున మీ చేతికి వస్తుంది. రెండు విశ్వవిద్యాలయాలకూ ఎరాస్మస్ ప్లస్ (ఐరోపా సమాఖ్య నిధులతో నడిచే మార్పిడి పథకం) కింద ఒప్పందం ఉండి, మీకు ఉపకారవేతనం మంజూరైతే ఆ పత్రమే ఈ సొమ్ముకు బదులుగా పనికొస్తుంది, తక్కువ పడితే మిగతాది మాత్రం ఖాతాలో చూపించాలి. మీ ఒప్పందం ఏ రకానిదో ముందు అది అడగండి. ఆరు లక్షల అప్పు చేయాలా వద్దా అన్నది ఆ ఒక్క జవాబు మీద ఆధారపడి ఉండవచ్చు.

ఖర్చులోకి వస్తే, ట్యూషన్ ఫీజు లేకపోయినా సెమిస్టరు చందా కట్టాలి. విద్యార్థుల వసతిగృహాలనూ భోజనశాలలనూ నడిపే సంస్థకు ఇచ్చే వాటా, చాలా చోట్ల దేశమంతటా చెల్లే రవాణా పాసు వాటా అందులోనే ఉంటాయి. ఆ పాసుతో ట్రాములు, బస్సులు, ప్రాంతీయ రైళ్లు ఎక్కవచ్చు, వేగంగా పోయే ఐసీఈ రైళ్లు ఎక్కకూడదు. ఆరోగ్య బీమా తప్పనిసరి. ముప్పై ఏళ్ల లోపు విద్యార్థులకు ప్రభుత్వ పథకంలో నెలకు 140 యూరోలకు పైగానే అవుతుంది. ఇక్కడి నుంచి తీసుకెళ్లే ప్రయాణ బీమా, అక్కడి బీమా అమల్లోకి వచ్చేవరకు మధ్య రోజులకు మాత్రమే ఉపయోగం, దాన్ని చూపించి విశ్వవిద్యాలయంలో నమోదు చేసుకోలేరు. వసతిగృహంలో గది దొరికితే డ్రెస్డెన్‌లో అద్దె భారం కాదు, మ్యూనిక్‌తో పోలిస్తే ఎంతో నయం. మధ్యాహ్నం భోజనశాలలో మూడు నాలుగు యూరోలకు పూట గడుస్తుంది, రాత్రికి వండుకుంటే నెలకు 992 సరిపోతాయి. చట్ట ప్రకారం ఏడాదికి 140 పూర్తి రోజులు పని చేసుకునే వీలుంది గానీ, ఆ సంపాదన మీద లెక్క వేసుకుని బయలుదేరవద్దు. ఒక్క సెమిస్టరులో భాష రాకుండా పని దొరకడం, దొరికినా చదువు సాగడం రెండూ కష్టమే.

ఇప్పుడు మీరు అడగని విషయం ఒకటి. అక్కడ బీటెక్ స్థాయి పాఠాలు ఎక్కువ భాగం జర్మన్‌లోనే జరుగుతాయి. ఇంగ్లీషులో ఉండేవి ప్రధానంగా మాస్టర్స్ స్థాయి పాఠాలు. మార్పిడి విద్యార్థులను వాటిలో చేర్చుకుంటారు, కానీ అవి మూడో సంవత్సరంలో ఉన్న మనకు బరువుగానే ఉంటాయి. అందువల్ల ఒప్పంద పత్రంలో మీ శాఖ పేరు చూసి సంబరపడకుండా, గత శీతాకాల సెమిస్టరులో ఇంగ్లీషులో నిజంగా ఏయే పాఠాలు జరిగాయో ఆ విశ్వవిద్యాలయపు పాఠాల పట్టిక తెరిచి చూడండి. మీ అయిదో సెమిస్టరులోని సబ్జెక్టులతో సరిపోలేవి మూడు దొరికినా అదృష్టమే.

పరీక్షల పద్ధతి కూడా వేరు. ఇంటర్నల్ మార్కులు, మిడ్‌లు ఉండవు. చాలా పాఠాలకు చివర జరిగే ఒక్క పరీక్షే నూటికి నూరు శాతం, అది కొన్నిసార్లు ప్రొఫెసర్ ఎదుట కూర్చుని మౌఖికంగా చెప్పవలసి ఉంటుంది. ఉపన్యాసాలకు హాజరు వేయరు. డెబ్బై అయిదు శాతం హాజరు కోసం తరగతికి వెళ్లడం అలవాటైన మనకు నవంబరంతా సెలవుల్లా అనిపించి, జనవరిలో గుండె జారుతుంది. ఉపన్యాసంతోపాటు లెక్కలు చేయించే అభ్యాస తరగతి విడిగా ఉంటుంది, పరీక్షలో ప్రశ్నలు దాని పోకడలోనే వస్తాయి గనుక దాన్ని మానవద్దు. ఇంకొకటి: పాఠంలో చేరితే పరీక్షకు చేరినట్టు కాదు. పరీక్షకు ప్రత్యేకంగా నిర్ణీత గడువులో పేరు నమోదు చేయాలి, గడువు దాటితే ఆ పరీక్ష రాయనివ్వరు.

సమాధానం 2
రాసినవారు: మార్పిడి సమన్వయకర్త, గుంటూరు

పై మిత్రుడు చెప్పినవన్నీ సరైనవే. నేను ఒక అటానమస్ కళాశాలలో బోధిస్తూ కొన్నేళ్లుగా మార్పిడి విద్యార్థుల వ్యవహారాలు చూస్తున్నాను. అక్కడి చలి, తిండి, భాష గురించి అందరూ భయపెడతారు గానీ, నేను చూసినంతవరకు విద్యార్థులకు చిక్కులు వచ్చింది జర్మనీలో కాదు, తిరిగి వచ్చాక మన ఎగ్జామ్ బ్రాంచ్ కిటికీ దగ్గర. 'తర్వాత చూసుకుందాం' అన్న మాట మీద మాత్రం విమానం ఎక్కవద్దు.

చిక్కు ఎక్కడుందో చూడండి. మన అయిదో సెమిస్టరు జూలై ప్రాంతంలో మొదలై సంవత్సరాంతానికి ముగుస్తుంది. వారి శీతాకాల సెమిస్టరు కాగితం మీద అక్టోబరు 1 నుంచి మార్చి 31 వరకు. తరగతులు అక్టోబరు నడిమి నుంచి ఫిబ్రవరి తొలి వారాల వరకు, ఆ వెంటనే పరీక్షలు. అంటే మీరు మా లెక్కలో రెండు సెమిస్టర్లలోనూ సగం సగం లేనట్టే. వేసవి సెమిస్టరుకు వెళ్లినా ఏప్రిల్ నుంచి జూలై దాకా అదే తంటా, పైగా పరీక్షలు ఆగస్టులోకి జరిగితే మీ ప్లేస్‌మెంట్ల కాలంలో పడతాయి. కనుక మీ కళాశాల ఎంచుకున్న శీతాకాలమే నయం.

మేము అనుసరించే పద్ధతి ఇది. అయిదో సెమిస్టరులోని థియరీ సబ్జెక్టులకు బదులు అక్కడి పాఠాలను లెక్కిస్తాం. ల్యాబులకు బదులు దొరకడం కష్టం కనుక, జూలై నుంచి సెప్టెంబరు వరకు విద్యార్థి ఇక్కడ ఉన్న వారాల్లోనే వాటిని త్వరగా పూర్తి చేయించి పరీక్ష పెడతాం. ఆరో సెమిస్టరులో ఆలస్యంగా చేరినా హాజరును చేరిన తేదీ నుంచే లెక్కిస్తాం, తప్పిపోయిన మొదటి మిడ్‌కు బదులు మరో పరీక్ష పెడతాం. ఇందులో ఏ ఒక్కటీ నా ఇష్టం మీద జరిగేది కాదు. శాఖ పాఠ్యప్రణాళికను నిర్ణయించే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో తీర్మానం కావాలి, దాన్ని కళాశాల చదువు వ్యవహారాలు చూసే పై మండలి అయిన అకడమిక్ కౌన్సిల్ ఆమోదించాలి, ఆ తీర్మానం నకలు విద్యార్థి చేతిలో ఉండాలి. మీది అటానమస్ కళాశాల కావడం మీ అదృష్టం. అనుబంధ కళాశాలలకు పరీక్షలన్నీ విశ్వవిద్యాలయం చేతిలో ఉంటాయి కనుక ఇంత వెసులుబాటు ఉండదు. తీర్మానం లేకుండా వెళితే, హాజరు అరవై అయిదు శాతం దాటలేదన్న ఒక్క కారణంతో, హాజరు లోటును మన్నించే కండోనేషన్‌కు కూడా నోచుకోక డిటెయిన్ అయ్యే, అంటే పై సెమిస్టరుకు వెళ్లనివ్వకుండా ఆపేసే, ప్రమాదం ఉంది, అప్పుడు మీ పక్షాన మాట్లాడడానికి శాఖాధిపతి అయిన హెచ్‌ఓడీ గారికి కూడా ఆధారం ఉండదు.

క్రెడిట్ల లెక్క మరొకటి. ఐరోపా పద్ధతిలో సెమిస్టరుకు 30 క్రెడిట్లు, మనకు బీటెక్ మొత్తం 160 అనుకుంటే సెమిస్టరుకు సగటున 20. అంటే వారి మూడు మన రెండుతో సమానం. అక్కడి 5 క్రెడిట్ల పాఠం ఇక్కడి 3 క్రెడిట్ల సబ్జెక్టుకు ధారాళంగా సరిపోతుంది. ఈ నిష్పత్తిని కూడా తీర్మానంలో రాయించండి, లేకపోతే ఎవరో ఒకరు అయిదుకు అయిదు కావాలంటారు, ఇంకొకరు మూడే ఇస్తామంటారు.

గ్రేడ్లది పూర్తిగా తలకిందుల వ్యవహారం. అక్కడ 1.0 అత్యుత్తమం, 4.0 పాస్, 5.0 ఫెయిల్. మా విద్యార్థికి 1.3 వచ్చిందని చెబితే మా పరీక్షల విభాగంలో ఒకరు పాపం అని నిజంగానే జాలిపడ్డారు. మన మార్కులను వారి గ్రేడుకు మార్చడానికి జర్మనీలో సవరించిన బవేరియన్ సూత్రం వాడతారు, దాన్నే తిరగేస్తే మనకు కావలసింది వస్తుంది. గరిష్ఠం 10, ఉత్తీర్ణతకు కనీస గ్రేడు పాయింటు 5 అనుకుంటే ఆ లెక్కన 1.3 అంటే 9.5, 2.0 అంటే 8.3, 3.0 అంటే 6.7, 4.0 అంటే సరిగ్గా 5. కొన్ని కళాశాలలు గ్రేడు ఊసెత్తకుండా పాస్ అని మాత్రం మెమోలో వేసి సీజీపీఏలో (మొత్తం సగటు గ్రేడులో) కలపవు. మాస్టర్స్ స్థాయి పాఠాలు తీసుకునేవారికి అదే మేలని నా అభిప్రాయం, కానీ ఏది అమలు చేస్తారో వెళ్లేముందే తేలాలి, ఫలితాలు చూశాక ఎంచుకోనివ్వడం న్యాయం కాదు.

చివరగా, అక్కడ ఏ పాఠాలు చదివి ఇక్కడ వేటికి బదులు లెక్కిస్తారో రాసుకునే లెర్నింగ్ అగ్రిమెంటు మీద మీరు, మేము, వారు ముగ్గురం సంతకం చేస్తాం. అక్కడికి వెళ్లాక టైంటేబులు కుదరకో, పాఠం జర్మన్‌లో అని తేలో ఒకటి రెండు మారడం దాదాపు ఖాయం. మారిన ప్రతిసారీ ఇక్కడి హెచ్‌ఓడీ గారి లిఖిత ఆమోదం ఈమెయిల్‌లో తెప్పించుకున్నాకే ఆ పాఠం చదవడం మొదలుపెట్టండి.

సమాధానం 3
రాసినవారు: నియామకాల వైపు నుంచి

నేను ఐటీ సంస్థల్లో క్యాంపస్ నియామకాలు చూస్తాను. పై ఇద్దరూ స్పృశించని ఒక చిన్న విషయం చెప్పి తప్పుకుంటాను. జర్మనీలో ప్రొఫెసర్లు పేపర్లు దిద్దడానికి తీరిక తీసుకుంటారు, ఫిబ్రవరిలో రాసిన పరీక్ష ఫలితం చేరడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అప్పటివరకు మీ కళాశాల సాఫ్ట్‌వేరులో ఆ సబ్జెక్టుల దగ్గర ఖాళీ ఉంటుంది, ఖాళీని కొన్ని చోట్ల బ్యాక్‌లాగ్‌గా చూపిస్తారు. మా వంటి సంస్థలకు కళాశాల పంపే జాబితాలో 'బ్యాక్‌లాగులు లేనివారు' అన్న జల్లెడలోనే మీ పేరు జారిపోతుంది, అది మాకు తెలిసే అవకాశమే ఉండదు. ప్లేస్‌మెంట్లకు మీకు జూలై వరకు సమయం ఉంది కాబట్టి కంగారు అక్కరలేదు గానీ, ఇంటర్న్‌షిప్ ఎంపికలు మార్చి, ఏప్రిల్ నెలల్లోనే జరిగే కళాశాలల్లో ఇది నిజంగా దెబ్బ తీస్తుంది. ఫలితాలు రావలసి ఉన్నాయని ప్లేస్‌మెంట్ విభాగానికి ఎగ్జామ్ బ్రాంచ్ నుంచి లేఖ ఇప్పించండి.

ఎంఎస్‌కు ఎలాగూ వెళతావు కదా అన్న సీనియర్ల మాటతో నేను ఏకీభవించను. ఎంఎస్‌కు ముప్పై నలభై లక్షలు అప్పు చేసే ముందు, విదేశీ చదువు తన ఒంటికి పడుతుందో లేదో ఆరు లక్షల్లో, అదీ చాలావరకు తిండికీ అద్దెకూ పోయే ఆరు లక్షల్లో తెలుసుకోవడం మధ్యతరగతి కుటుంబానికి లాభమే గాని నష్టం కాదు.

సమాధానం 4
రాసినవారు: డ్రెస్డెన్ నుంచి

నేను రాజమహేంద్రవరం అమ్మాయిని, ప్రస్తుతం ఈ ఊళ్లోనే మాస్టర్స్ చదువుతున్నాను. వచ్చిన కొత్తలో పనుల వరుస ముఖ్యం. ముందు ఇల్లు, ఇల్లు ఉంటేనే, యజమాని ఇచ్చే ధ్రువపత్రంతో రెండు వారాల్లోగా పౌర కార్యాలయంలో చిరునామా నమోదు చేసుకోవాలి, దాన్నే ఇక్కడ ఆన్‌మెల్డుంగ్ అంటారు. ఆ కాగితం చూపిస్తే బ్యాంకు ఖాతా తెరవడం, దాని ద్వారా బ్లాక్డ్ అకౌంటు సొమ్ము అందుకోవడం సులువవుతుంది. ఈ గొలుసులో మొదటి లంకె తెగితే మిగతావన్నీ ఆగుతాయి. కాబట్టి విశ్వవిద్యాలయం నుంచి ప్రవేశపత్రం వచ్చిన రోజే వసతిగృహానికి దరఖాస్తు పెట్టండి. గది చూడకుండా ముందే డిపాజిట్ పంపమనే ప్రైవేటు ప్రకటనలన్నీ మోసమని అనుకుని మసలుకుంటే క్షేమం. మొదటి నెల ఖర్చుకు వేరే డబ్బు చేతిలో ఉంచుకోండి.

మీ వీసా మీరు ఉండబోయే కాలమంతటికీ ఇచ్చారో లేదో పాస్‌పోర్టు చేతికి రాగానే చూసుకోండి. తక్కువ ఉంటే, గడువు తీరకముందే ఇక్కడి విదేశీయుల కార్యాలయంలో నివాస అనుమతికి దరఖాస్తు చేయాలి, అక్కడ అపాయింట్‌మెంటు దొరకడం తిరుమల దర్శనం టికెట్టు దొరకడం లాంటిది. మన రెండు రాష్ట్రాలూ చెన్నైలోని జర్మన్ కాన్సులేటు పరిధిలోకి వస్తాయి, అక్టోబరు ప్రయాణానికి వేసవిలోనే వీసా పని మొదలుపెట్టండి.

వంట గురించి అమ్మగారి బెంగ తీర్చండి. బియ్యం, కందిపప్పు, చింతపండు, కారం అన్నీ ఆసియా దుకాణాల్లో దొరుకుతాయి. అసలు సమస్య పోపు. వసతిగృహాల్లో ఉమ్మడి వంటగది ఉంటుంది, గదుల్లో పొగ గుర్తించే పరికరాలు ఉంటాయి. నూనె కాగి ఎండుమిరపకాయ నల్లబడే ఆ ఒక్క నిమిషంలో వంటగది తలుపు తెరిచి ఉంటే ఘాటు, పొగ నడవలోకి పోతాయి. అలారం అగ్నిమాపక కేంద్రానికి కలిపి ఉన్న భవనాల్లో బండి వచ్చి, ఆ ఖర్చు మీ మీద పడవచ్చు. తలుపు మూసి, కిటికీ తెరిచి, సన్నని మంట మీద ఆవాలు వేసి, మిరపకాయలు చివరన తుంచి వేసి వెంటనే మూత పెట్టడం ఇక్కడి తెలుగువాళ్లందరం నేర్చుకున్న విద్య. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి, రైల్వే స్టేషనులోని కొన్ని తప్ప. శనివారమే పాలు, పెరుగు తెచ్చుకోండి. నీళ్ల సీసాలు పారేయవద్దు, ఒక్కోదానికి దుకాణంలో 25 సెంట్లు తిరిగి ఇస్తారు.

డిసెంబరులో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. చలికి కోటు ఉంది గానీ ఈ చీకటికి మందు లేదు, మధ్యాహ్నం వెలుతురున్నప్పుడు ఒక గంట బయట నడవడం తప్ప. క్రిస్మస్‌కు జర్మన్ విద్యార్థులందరూ ఇళ్లకు పోయి వసతిగృహం ఖాళీ అవుతుంది, అప్పుడు గదిలో ఒంటరిగా ఉండకుండా చూసుకోండి. రైల్లో రెండున్నర గంటల లోపే చెక్ దేశ రాజధాని ప్రాగ్ చేరుకోవచ్చు, మీ జాతీయ వీసాతో అక్కడికి వెళ్లవచ్చు.

భద్రత సంగతి దాచకుండా చెబుతాను, ఎందుకంటే మీ ఇంట్లో ఎవరైనా ఈ ఊరి పేరు వెతికితే అదే కనబడుతుంది. వలసలను వ్యతిరేకించే పెగిడా ప్రదర్శనలు 2014లో మొదలైంది ఈ నగరంలోనే, ఆ ధోరణి రాజకీయాలకు ఈ నగరం ఉన్న సాక్సనీ రాష్ట్రంలో ఇప్పటికీ బలం ఉంది. విశ్వవిద్యాలయం పరిసరాల్లో నాకు ఏనాడూ ఇబ్బంది కలగలేదు. ఊరేగింపులు ఉన్న రోజు నగరం నడిబొడ్డుకు వెళ్లను, ఆలస్యంగా తిరిగి వచ్చేటప్పుడు స్నేహితులతో కలిసి వస్తాను. ఏదైనా అత్యవసరమైతే 112, రాత్రివేళ జ్వరం వంటి వాటికి 116117. ప్రభుత్వ బీమా ఉంటే డాక్టరుకు విడిగా డబ్బు ఇవ్వనక్కరలేదు.

ప్రశ్నించినవారి స్పందన
రాసినవారు: విశాఖ మెకానికల్

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మాది ఎరాస్మస్ ఒప్పందం కాదని, ట్యూషన్ ఫీజు మినహాయింపు మాత్రమేనని ఈరోజు కనుక్కున్నాను. కాబట్టి ఆరు నెలల సొమ్ము మేమే చూపించాలి, నాన్నగారు సరేనన్నారు. బోర్డ్ ఆఫ్ స్టడీస్ సమావేశం వచ్చే నెలలో ఉంది. ల్యాబులు, హాజరు, క్రెడిట్ల నిష్పత్తి, గ్రేడు మార్పిడి నాలుగింటినీ కలిపి ఒక వినతిపత్రం రాసి, నాతోపాటు ఎంపికైన స్నేహితుడి సంతకం కూడా పెట్టించి హెచ్‌ఓడీ గారికి ఇస్తున్నాను. తీర్మానం వచ్చాకే సమ్మతి పత్రం ఇస్తాను. తిరిగి వచ్చేముందు అక్కడ పూర్తి చేయవలసిన పనులు ఏమైనా ఉన్నాయా?

సమాధానం 5
రాసినవారు: డ్రెస్డెన్ నుంచి

ఉన్నాయి. బయలుదేరే వారంలో పౌర కార్యాలయంలో మీ చిరునామా రద్దు చేయించుకుని ఆ పత్రం భద్రపరచుకోండి. ఇక్కడ ప్రతి ఇంటికీ నెలకు 18.36 యూరోల ప్రసార రుసుము ఉంటుంది, పత్రం చూపించి దాన్ని ఆపించకపోతే నోటీసులు వస్తూనే ఉంటాయి. వసతిగృహం డిపాజిట్ తిరిగి రావడానికి కొంతకాలం పడుతుంది కాబట్టి అది జమయ్యేవరకు ఇక్కడి బ్యాంకు ఖాతా మూయవద్దు. బీమాకు లిఖితపూర్వకంగా రద్దు తెలియజేయండి. గ్రేడులు రాకముందే మీరు వెళ్లిపోతారు కనుక, మార్కుల పత్రం అసలు ప్రతిని నేరుగా మీ కళాశాల ఎగ్జామ్ బ్రాంచ్‌కు పంపమని, స్కాన్ ప్రతిని మీకు ఈమెయిల్ చేయమని ఇక్కడి అంతర్జాతీయ కార్యాలయంలో ముందే రాసిచ్చి వెళ్లండి.